దారి ఖర్చు మనం పెట్టుకుంటేనే దారి మనదవుతుంది

(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున జమాఖర్చులు చదివి వినిపించాం. ఆడిట్ నివేదిక మీద మీరు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాం. ఇక ఎజెండాలో మిగిలింది ఒక్క అంశం: ప్రాంతీయ నెట్‌వర్కుకు నిధి. పోయిన నెల గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ మాట చదివినప్పుడు "ఇదేం నెట్‌వర్కమ్మా, సెల్‌ఫోన్ టవరా?" అని కొందరు అడిగారు. "మళ్ళీ ఒక కొత్త చందానా?" అని ఇంకొందరు అన్నారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. రెండింటికీ జవాబు చెప్పిన తర్వాతే చెయ్యెత్తమని అడుగుతాం.

ఏమిటీ నెట్‌వర్కు?

ఒక సంఘంలో పది పదిహేను మందిమి. సంఘాలు కలిస్తే గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిస్తే మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. ఇది నిలువు మెట్ల వరుస. పైనుంచి కిందికి డబ్బు వస్తుంది, కబురు వస్తుంది. కిందినుంచి పైకి కిస్తీ పోతుంది, లెక్క పోతుంది. కానీ పక్క జిల్లా సమాఖ్యతో మనకు సూటిగా మాట లేదు. అక్కడ ఆడవాళ్ళు ఏ కష్టం పడుతున్నారో, దాన్ని ఎట్లా దాటారో మనకు తెలిసేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఈ అడ్డదారిని, అంటే సమాఖ్యకూ సమాఖ్యకూ మధ్య నడిచే దారిని వేయడమే నెట్‌వర్కు.

ఈ దారిలో నడవాల్సిన వాళ్ళు రెండు రకాలు. ఒకరు మన నాయకురాళ్ళు, సీఆర్‌పీలు. సంఘం పెట్టి, అప్పు తీసి, తీర్చి, గొడవలు సర్ది, పదేళ్ళు ఇరవై ఏళ్ళు కాగిన వాళ్ళు. రెండో రకం చదువుకున్న యువత. జీవో చదివి అర్థం చెప్పగలవాళ్ళు, బడ్జెట్ కాగితంలో మన పద్దు ఎక్కడుందో వెతికి పట్టగలవాళ్ళు, మనం నోటితో చెప్పినదాన్ని ఆఫీసు కాదనలేని అర్జీగా రాయగలవాళ్ళు. మొదటివాళ్ళకు ఊరు తెలుసు. రెండోవాళ్ళకు ఫైలు తెలుసు. ఇద్దరూ ఒక చాప మీద కూర్చుంటే తప్ప కొన్ని పనులు జరగవు. ఎట్లాంటి పనులో ఇప్పుడు చెబుతాం.

అప్పుల సంగతే తీసుకుందాం

2010లో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తే. ఒక్కో ఇంటికి మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పులు. వారం వారం కిస్తీ. కట్టలేకపోతే గడప ముందు కూర్చోవడం. ప్రతి ఇల్లూ అది తన ఇంటి పరువు సంగతే అనుకుంది. ఊరూరా ఇదే కథ అని బయటపడ్డాక ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది అది చట్టమైంది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలనీ, వసూలుకు ఇంటి మీదికి రాకూడదనీ అందులో రాశారు.

ఆ తర్వాత నియమాలు మారుతూ వచ్చాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఈ రెండూ మన ఇళ్ళ మీద పడే సంగతులే. మన మీటింగుల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం?

రిజర్వు బ్యాంకు నియమాల్లో మనకు పనికొచ్చేవి కొన్ని చెబుతాం, రాసుకోండి. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును మైక్రోఫైనాన్స్ అప్పు అంటారు. ఆ కుటుంబం కట్టే అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అంటే నెలకు 12,000 వచ్చే ఇంటికి కిస్తీలన్నీ కలిపి 6,000 మించేటట్టు కొత్త అప్పు ఇవ్వకూడదు. అప్పు వివరాల కాగితం మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్లు చేసి సతాయించకూడదు. ముందుగానే అప్పు తీర్చేస్తే జరిమానా వేయకూడదు.

ఈ నియమాలు ఇంగ్లీషులో, బ్యాంకు భాషలో ఉన్నాయి. చదివి చెప్పడానికి చదువుకున్న పిల్ల కావాలి. అయితే ఆ పిల్ల ఒక్కతే ఏం చేయగలదు? ఏ వీధిలో ఏ ఇంట్లో నాలుగో అప్పు తీసుకుంటున్నారో, ఎవరి పేరు మీద తీసుకుని ఎవరు వాడుకుంటున్నారో, ఏ ఇంట్లో పుస్తెలు కుదువకు పోయాయో ఆమెకు తెలియదు. అది సంఘం లీడరుకే తెలుసు. లీడరు పక్కన కూర్చుంటేనే ఆ ఇల్లాలు నోరు విప్పుతుంది. అట్లా విప్పిన నోళ్ళు ఒక మండలంలో ముప్పై ఉంటే అధికారులు "చూస్తాం" అంటారు. మూడు జిల్లాల్లో ఒకే తీరు కాగితం మీద పెట్టి చూపిస్తే "కూర్చోండి, మాట్లాడదాం" అంటారు. నెట్‌వర్కు పని ఇదీ.

ఇప్పటిదాకా దారి ఖర్చు ఎవరు పెట్టారు?

మనకు ఒకరి ఊరికి ఒకరు పోయి నేర్పడం కొత్త కాదు. 1990ల నడుమ ఐక్యరాజ్య సమితి సాయంతో నడిచిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మన రాష్ట్రంలో మూడు జిల్లాల్లో మొదలైంది: కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం. 2000లో సెర్ప్ సంస్థ, వెలుగు కార్యక్రమం వచ్చాయి. ఆ రోజుల్లో కొత్త ఊళ్ళో సంఘం పెట్టాలంటే పాత ఊరి సంఘం ఆడవాళ్ళు పోయి, అక్కడే ఉండి, తమ కథ చెప్పేవాళ్ళు. ఆఫీసరు పది సార్లు చెప్పినా ఎక్కనిది, తనలాంటి మనిషి ఒక్కసారి చెబితే ఎక్కింది. సీఆర్‌పీ అనే మాట పుట్టింది ఆ పనిలోంచే.

ఆ తర్వాత మన సీఆర్‌పీలు ఇంకా దూరం పోయారు. బీహార్‌లో జీవిక ప్రాజెక్టు 2007లో మొదలైంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. మండలం పొలిమేర దాటని ఆడవాళ్ళు రైలెక్కి, రెండు రాత్రుళ్ళు ప్రయాణం చేసి, భాష రాని ఊళ్ళలో పదిహేనేసి రోజులు ఉండి సంఘాలు పెట్టించి వచ్చారు. వచ్చీరాని హిందీతో, చేతి సైగలతో, పొదుపు పుస్తకం ముందు పెట్టి చెప్పారు. ఈ దేశంలో చదువులేని ఆడది ఇంకొక రాష్ట్రానికి గురువుగా పోయిన కాలం అది. అది మన చరిత్ర, దాన్ని మనం తక్కువ చేసుకోకూడదు.

అయితే ఆ దారి ఖర్చు ప్రాజెక్టుది. ఎక్కడికి పోవాలో ప్రాజెక్టు చెప్పింది, ఎన్నాళ్ళుండాలో ప్రాజెక్టు చెప్పింది. ప్రాజెక్టు కాగితానికి ముగింపు తేదీ ఉంటుంది. పక్క జిల్లాలో ఉన్న సమాఖ్యకు పోయి "మీ దగ్గర అప్పుల బాధ ఎట్లా ఉంది?" అని అడిగి రావాలంటే ఆ ఖర్చుకు ఏ ప్రాజెక్టులోనూ పద్దు లేదు. కావాలనుకుంది మనం, కానీ పద్దు ఇంకొకరి చేతిలో ఉంది.

చదువుకున్న యువత సంగతీ ఇట్లాగే ఉంది. 2012లో ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోలు అని మంచి చదువులు చదివిన పిల్లలను వెనకబడిన జిల్లాలకు పంపారు. వాళ్ళు జిల్లా కలెక్టర్ల దగ్గర పనిచేశారు. జవాబు చెప్పుకోవాల్సింది కలెక్టరుకే. మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఇంకొక తీరు చూశాం. రైతు సాధికార సంస్థ కింద వ్యవసాయ డిగ్రీ చదివిన యువత ఊళ్ళలో కాపురం ఉండి, తాము కూడా సేద్యం చేసి నేర్చుకున్నారు. వాళ్ళతో పాటు అనుభవం ఉన్న రైతులే సీఆర్‌పీలుగా తోటి రైతులకు నేర్పారు. ఆ పనికి మన సంఘాలే ఆధారం. చదువు, అనుభవం ఒక గట్టు మీద కూర్చుంటే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. అయినా జీతం వచ్చేది మన దగ్గర నుంచి కాదు కనుక, కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయం మన చేతిలో లేదు.

బయటివాళ్ళు ఎట్లా చేశారు?

మనకంటే లేనివాళ్ళు ఈ పని చేసి చూపించారు. ముంబైలో బైకుల్లా ప్రాంతంలో ఫుట్‌పాత్ మీద గుడిసెలు వేసుకుని బతికిన ఆడవాళ్ళ కథ వినండి. 1984లో అక్కడ స్పార్క్ అనే సంస్థ పుట్టింది. చదువుకున్నవాళ్ళు పెట్టిన సంస్థే. 1985లో ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళను ఆ మనుషులతోనే కలిసి లెక్క పెట్టారు. అప్పటిదాకా వాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళే మహిళా మిలన్ అని సంఘాలు కట్టి పొదుపు మొదలుపెట్టారు. ఒక నగరం ఆడవాళ్ళు ఇంకొక నగరానికి రైలెక్కి పోయి, పొదుపు ఎట్లా చేయాలో, ఇళ్ళ లెక్క ఎట్లా తీయాలో నేర్పారు. 1990లలో దక్షిణాఫ్రికా బస్తీల వాళ్ళతోనూ రాకపోకలు సాగాయి. 1996లో అనేక దేశాల బస్తీ సమాఖ్యలు కలిసి ఒక అంతర్జాతీయ వేదిక కట్టుకున్నాయి. ఫుట్‌పాత్ మీద వంట చేసుకునే మనిషి ఇంకొక దేశానికి పాఠం చెప్పడానికి పోయిందంటే, దాని వెనక పైసా పైసా పొదుపు ఉంది, పక్కన కాగితం పని చేసిన చదువరులూ ఉన్నారు.

రెండో కథ మన ఆసియాదే. 1988లో బ్యాంకాక్ కేంద్రంగా ఆసియా గృహ హక్కుల కూటమి ఏర్పడింది. 2009లో ఆ కూటమి ఒక కార్యక్రమం పెట్టింది. డబ్బు అమెరికాలోని గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. మనకు పనికొచ్చేది ఆ డబ్బును పంచిన తీరు. ఒక బస్తీలో కాలువో, నీటి కుళాయో, నడక దారో వేసుకోవడానికి 3,000 డాలర్ల దాకా ఇచ్చారు. అప్పటి లెక్కన మన రూపాయల్లో లక్షన్నర లోపు. ఇళ్ళు కట్టుకునే పెద్ద పనికి నగరానికి ఒకటి చొప్పున 40,000 డాలర్ల దాకా. ఇంత తక్కువ డబ్బుతో ఏమవుతుందని ఎవరైనా అడుగుతారు. తక్కువ కాబట్టే మధ్యలో మింగేవాడు లేడు. తక్కువ కాబట్టే బస్తీవాళ్ళు తమ పొదుపు, తమ ఒళ్ళు కలిపి పని పూర్తి చేసుకున్నారు. ఏ నగరానికి ఇవ్వాలో చూసే కమిటీలో పేద బస్తీల నాయకులూ కూర్చున్నారు. పెద్ద పనికిచ్చిన డబ్బును చాలాచోట్ల అప్పుగా ఇచ్చి, తిరిగి నగర నిధిలో జమ చేసుకుని, ఇంకొకరికి తిప్పారు. సమాఖ్యలో మనం తిప్పుతున్న నిధి లాంటిదే ఇదీ.

శ్రీలంకలో 1989 నుంచి చిన్న చిన్న గుంపులుగా పొదుపు చేసుకుంటూ వచ్చిన ఉమెన్స్ బ్యాంకు, నేపాల్‌లో మహిళల పొదుపు సహకార సంఘాలు కూడా ఈ అల్లికలో ఉన్నాయి. మనలాంటి సంఘాలే. వీళ్ళకు తోడుగా యువ ఆర్కిటెక్టులు తమలో తాము ఒక నెట్‌వర్కు కట్టుకున్నారు. వాళ్ళు బస్తీకి వచ్చి ముందు గీయరు. ముందు వింటారు. ఆడవాళ్ళు నేల మీద ముగ్గులా గీసిన ఇంటి నమూనాను కొలతలు వేసి, మున్సిపాలిటీ ఒప్పుకునే ప్లానుగా మారుస్తారు. గీత ఆడవాళ్ళది, స్కేలు ఆ పిల్లలది.

ఈ రెండు కథల్లోంచి మనం మూడు సంగతులు పట్టుకోవాలి. డబ్బు చిన్నదైనా తొందరగా, ఎక్కువ చోట్లకు అందాలి. ఎవరికివ్వాలో చెప్పేవాళ్ళలో వాడుకునేవాళ్ళూ ఉండాలి. బయటి డబ్బు రాకముందే మన పొదుపు అక్కడ ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ నిలవవు.

బయటి డబ్బు ఎంతవరకు?

బయటి డబ్బు వద్దనడం లేదు. అది ఏ దారుల్లో వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని అడుగుదాం అంటున్నాం.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకొక సంస్థకు మార్చి ఇవ్వడానికి వీల్లేదు. ఆఫీసు ఖర్చుల కింద వాడుకునే హద్దును నూటికి 50 నుంచి 20కి తగ్గించారు. అంటే పట్నంలోని ఒక పెద్ద సంస్థ తీసుకుని పది చిన్న సమాఖ్యలకు పంచే పాత పద్ధతి పోయింది.

ఇక కంపెనీల డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో నూటికి 2 సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ డబ్బు ఎక్కువగా ఫ్యాక్టరీ ఉన్నచోటి చుట్టుపక్కలకే పోతుంది. పైగా దాన్ని తీసుకునే సంస్థ ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్ష లేని కంపెనీయో అయ్యుండాలి, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి. మనది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్న సమాఖ్య. ఆ డబ్బు సూటిగా మన ఖాతాకు రావడం సాధారణంగా కుదరదు.

ఇచ్చేవాళ్ళ అలవాటు ఇంకొకటి ఉంది. శిక్షణకు ఇస్తారు, ఫొటోకు బాగుంటుంది. కుట్టుమిషనుకు ఇస్తారు, పేరు రాసుకోవచ్చు. కానీ ఒక లీడరు పక్క జిల్లాకు పోతే ఆ రోజు పోయే కూలికి ఎవరిస్తారు? ఆమె చంటిబిడ్డను చూసుకునే మనిషికి ఎవరిస్తారు? మాట మాటకీ అర్థం చెప్పే పిల్లకు మూడేళ్ళు జీతం ఎవరిస్తారు? నెట్‌వర్కు నిలిచేది ఈ ఖర్చుల మీదే. అందుకే మొదటి రూపాయి మనదై ఉండాలంటున్నాం.

మా ప్రతిపాదన

ఒక్కో సభ్యురాలు నెలకు ఒక్క రూపాయి. మాట వరసకు, ఒక మండలంలో ఐదు వేల మంది సభ్యులుంటే ఏడాదికి 60,000. అట్లాంటి పది మండల సమాఖ్యలు కలిస్తే 6 లక్షలు. చదువుకున్న ఇద్దరు అమ్మాయిలను నెలకు 20,000 చొప్పున పెట్టుకుంటే 4,80,000. మిగిలేది 1,20,000, అంటే నెలకు 10,000. దారి ఖర్చులకు, కూలి నష్టానికి ఇది పూర్తిగా సరిపోదని మాకూ తెలుసు. ఆ వెలితికి సమాఖ్య మిగులులోంచి కొంత, బయటి నుంచి కొంత అడుగుదాం. చేతిలో 6 లక్షలు పెట్టుకుని అడగడం వేరు, ఖాళీ కొంగు పట్టి అడగడం వేరు.

నిధికి నియమాలు ఇవి. తీర్మానంతో పాటు ఇవీ మినిట్స్ బుక్‌లో రాయాలి.

ఒకటి. ఒకసారి పోయిన లీడరు వెంటనే మళ్ళీ పోకూడదు. ప్రతి ప్రయాణంలో ఇద్దరు పోవాలి, అందులో ఒకరు అంతకుముందు ఎప్పుడూ పోనివాళ్ళై ఉండాలి.

రెండు. పోయివచ్చిన పదిహేను రోజుల్లో కనీసం మూడు గ్రామ సంఘాల్లో చెప్పాలి. చెప్పినట్టు ఆ సంఘాల పుస్తకాల్లో రాస్తేనే ఖర్చు పద్దు మూసేస్తాం.

మూడు. కూలి పోయిన రోజుకు ఊళ్ళో నడుస్తున్న కూలి రేటు ఇస్తాం. లీడరు పని ఊరికే చేయాలని అంటే, ఇంట్లో తిండికి లోటు లేనివాళ్ళే లీడర్లవుతారు. ఒంటరి మహిళకు, కూలి మీద బతికే మనిషికి ఆ కుర్చీ అందదు.

నాలుగు. చదువుకున్న అమ్మాయిలను తీసుకునేటప్పుడు ముందు మన సంఘాల కుటుంబాల్లో చూస్తాం. మన అప్పులతో డిగ్రీలు చేసిన ఆడపిల్లలు ఎంతమంది లేరు? ఎంపిక కమిటీలో నాయకురాళ్ళు ఉంటారు. ఏడాదికోసారి వాళ్ళ పని ఎట్లా ఉందో గ్రామ సంఘాలే చెప్పాలి. మూడేళ్ళకు తక్కువ కాకుండా పెట్టుకోవాలి. ఊరు అర్థం కావడానికే ఒక ఏడాది పడుతుంది.

ఐదు. బ్యానర్లు, శాలువాలు, జ్ఞాపికలు ఈ నిధిలోంచి కొనకూడదు.

ఆరు. బయటి సంస్థ ఏది డబ్బిచ్చినా, ఏ పని ముందు చేయాలో నిర్ణయించేది ఈ సభే. ఆ షరతు ఒప్పుకుంటేనే తీసుకుందాం.

మీరు లేవనెత్తిన మాటలు

"ఆ రూపాయి పెట్టి వడ్డీ తగ్గించవచ్చు గదా" అని ఒక గ్రామ సంఘంలో అడిగారు. లెక్క వేసి చూశాం. నెలకు రూపాయి వల్ల తగ్గే వడ్డీ ఎవరి చేతికీ ఆనదు. అదే, ఆదాయంలో సగం దాటే నాలుగో అప్పును ఒక్క ఇంట్లో ఆపగలిగినా ఆ ఇంటికి ఏడాదికి వేలల్లో మిగులుతుంది.

"ప్రభుత్వం ఉంది గదా, మనమెందుకు పెట్టాలి?" అన్నారు. ప్రభుత్వం పెట్టాల్సింది పెట్టనీయండి, అడుగుదాం, పోరాడదాం. కానీ ప్రభుత్వాన్ని అడగడానికి పోయే మనిషి బస్సు చార్జీ కూడా ప్రభుత్వమే పెట్టాలంటే, ఏం అడగాలో కూడా వాళ్ళే చెబుతారు.

"మేం కడతాం, తిరిగేది మాత్రం ఆఫీసు బేరర్లే" అని ఒక అక్క గట్టిగానే అంది. ఆ మాటలో న్యాయం ఉంది. ఒకటో నియమం ఆ అక్క మాటలోంచే వచ్చింది. నిధి లెక్క మూడు నెలలకోసారి ప్రతి గ్రామ సంఘంలో గట్టిగా చదవాలి. ఎవరు పోయారు, ఎక్కడికి, ఎంత అయింది, ఏం తెచ్చారు. చదవని నెల రూపాయి కట్టకండి. ఆ హక్కు మీది.

"చదువుకున్న పిల్లలు రేపు మన మీద పెత్తనం చేయరా?" అన్న భయం కూడా వినిపించింది. జీతం మనమిస్తే, పని మనం చెబితే, ఏడాదికోసారి ముఖం మీదే మంచీచెడూ చెబితే ఆ భయానికి చోటు తక్కువ. ఇంకొక మాట కూడా అనుకోవాలి. ఆ పిల్లలు చెప్పింది మనకు నచ్చకపోయినా వినాలి. లెక్క తప్పని చెబితే తప్పే. మనం విననప్పుడు వాళ్ళెందుకు ఉంటారు?

మొదటి ఏడాది పని ఒక్కటే పెట్టుకుందాం. కృష్ణకు ఇటూ అటూ ఉన్న మూడు పాత జిల్లాల్లో, మనం కలుపుకోగలిగినన్ని గ్రామ సంఘాల్లో, ఇంటింటి అప్పుల లెక్క తీద్దాం. ఏ ఇంట్లో ఎన్ని అప్పులు, ఎవరిచ్చారు, కిస్తీ ఎంత, ఆదాయం ఎంత, కాగితం తెలుగులో ఇచ్చారా లేదా. పేర్లు బయటపెట్టకుండా లెక్క మాత్రం పెడదాం. ఒకప్పుడు ఒకే కార్యక్రమం కింద సంఘాలు మొదలుపెట్టిన మనం ఇప్పుడు రెండు రాష్ట్రాలుగా ఉన్నాం. అప్పు ఇచ్చేవాళ్ళు మాత్రం రెండు వైపులా తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళకు లేని సరిహద్దు మనకెందుకు?

ఇప్పుడు తీర్మానం చదువుతారు. నెలకు రూపాయి, ఆరు నియమాలు, మొదటి ఏడాది అప్పుల లెక్క. ఇందులో ఏ నియమం మార్చాలన్నా ఇక్కడే చెప్పండి, రాసుకుంటాం. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. ఒప్పుకోనివాళ్ళు కూడా ఎత్తండి, మీ మాటా మినిట్స్‌లో ఎక్కాలి.